హెడ్డాల్ చర్చి తారు పూత కోసం విరాళాల విజ్ఞప్తి

నార్వేలో ఉంటున్న తెలుగు సహోదరీ సహోదరులకు ప్రభువు నామంలో వందనాలు.

టెలిమార్క్ ప్రాంతంలో, నోటొడెన్ దగ్గరున్న హెడ్డాల్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. 13వ శతాబ్దంలో మొత్తం చెక్కతో కట్టిన చర్చి. ఎత్తు సుమారు 26 మీటర్లు. ఒకప్పుడు ఈ దేశంలో ఇలాంటి స్టేవ్ చర్చిలు, అంటే నిలువు చెక్క స్తంభాల మీద కట్టినవి, వెయ్యికి పైగా ఉండేవని అంచనా. ఇప్పుడు మిగిలినవి 28, వాటిలో ఇదే పెద్దది. మ్యూజియం అనుకునేరు, ఇప్పటికీ ఇది ఊరివాళ్ళ చర్చే. ఆరాధనలు, పెళ్ళిళ్ళు జరుగుతూనే ఉన్నాయి.

చెక్క ఇన్ని వందల ఏళ్ళు ఎలా నిలిచింది? అంతకుముందు స్తంభాలను నేలలో పాతేవాళ్ళు, తడికి అడుగు కుళ్ళిపోయేది. ఇక్కడ రాతి పునాది మీద దూలాలు పరిచి, స్తంభాలను వాటి మీద నిలబెట్టారు. వాన, మంచు గోడలకు నేరుగా తగలకుండా చుట్టూ వసారా. పైన అంచెలంచెలుగా కప్పులు, వాటి మీద చేప పొలుసుల్లా చెక్క పెంకులు. లోపల బిషప్ కుర్చీ మీద చెక్కింది బైబిలు కథ కాదు, పాత వీరగాథలోని సిగుర్ద్ అనే వీరుడి కథ!

దీన్ని ఒక రైతు కోసం ఫిన్ అనే ట్రోల్ (ఇక్కడి జానపద కథల్లోని రాక్షసుడు) మూడు రోజుల్లో కట్టాడని ఊళ్ళో కథ. గడువులోగా తన పేరు చెప్పలేకపోతే సూర్యచంద్రులనైనా తెచ్చివ్వాలి, తలైనా ఇవ్వాలి అని ట్రోల్ ఆ రైతుతో అన్నాడట. కొండ దగ్గర ట్రోల్ భార్య జోలపాటలో ఆ పేరు విని రైతు బతికిపోయాడు.

మనకు అలాంటి మేస్త్రీ దొరకడు. 1849-51లో చేసిన మరమ్మతులో పాత పద్ధతి తెలియక పొరపాట్లు జరిగాయి, 1950ల్లో మళ్ళీ సరిచేయాల్సి వచ్చింది. అందుకే పని తెలిసినవాళ్ళే చేయాలి, వాళ్ళ కూలి ఎక్కువే. చెక్క పాడవకుండా పూసే ఈ తారంటే రోడ్డుకి వేసేది కాదు. పైన్ మొద్దులను బట్టీలో సన్నగా కాల్చి తీసింది, వేడిచేసి పూస్తారు. ఎండ తగిలే దక్షిణం వైపు త్వరగా పోతుంది కాబట్టి ఒకసారి పూస్తే అయిపోయే పని కాదు.

మీ దశమభాగం ముట్టుకోవద్దు, అది మీ సంఘానిది. పైన మిగిలినదాంట్లో ఎంతైనా పర్వాలేదు, విప్స్ యాప్‌లో గానీ బ్యాంకు ద్వారా గానీ పంపండి. ప్రతి క్రోనుకూ రసీదు ఇస్తాం. ఇండియాలో ఉన్నవాళ్ళను అడగడం లేదు, అక్కడ మీ ఊరి మందిరానికే అవసరాలు బోలెడు. టూరుకు వచ్చినప్పుడు టికెట్ కొని లోపలికెళ్ళి చూడండి, చాలు.

ఇట్లు,
విరాళాల కమిటీ