ఆకుపచ్చ అట్టల దగ్గరే ఆగిపోకు

పెరంబూరు, చెన్నై
ఆదివారం సాయంత్రం

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ పొద్దుటి నుంచి ఒకటే ముసురు. మేడ మీద కుండీల్లో నీళ్లు నిలిచిపోతే రెండుసార్లు వెళ్లి వంపేసి వచ్చాను. మీ అమ్మ బజ్జీలు వేస్తానని మూడు గంటల నుంచి అంటోంది, ఇంకా పొయ్యి వెలిగించలేదు.

నిన్న బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపులోంచి ఫోన్ చేసి, "నాన్నా, గంటన్నర నుంచి తిరుగుతున్నా, ఏం కొనాలో తెలియట్లేదు, ఒక లిస్టు పంపు" అన్నావు. చివరికి మళ్లీ ఒక డిటెక్టివ్ నవల, మీ ఆఫీసులో అందరి బల్లల మీదా ఉండే ఆ 'గెలవడం ఎలా' పుస్తకం కొనుక్కొచ్చావని రాత్రి అమ్మ చెప్పింది. లిస్టు మాత్రం పంపను. నా లిస్టు పట్టుకెళితే నువ్వు కొనేవి నా పుస్తకాలే అవుతాయి. నేను ఎలా ఏరుకుంటానో చెబుతాను. ఫోన్‌లో చెబితే "ఊ, ఊ" అంటూ లాప్‌టాప్ చూసుకుంటావు కాబట్టి ఇలా కాగితం మీద.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు జీతం రోజంటే మూర్ మార్కెట్. సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉండేది, 1985లో తగలబడిపోయింది. నువ్వూ నేనూ లోకల్ ఎక్కే సబర్బన్ స్టేషన్ ఆ స్థలంలో కట్టిందే. దాని పేరు ఇప్పటికీ మూర్ మార్కెట్ కాంప్లెక్సే. అక్కడ పెంగ్విన్ అనే ఇంగ్లండు కంపెనీ వాళ్ల పాత పుస్తకాలు గుట్టలుగా పోసి అమ్మేవాళ్లు. నవలైతే నారింజ రంగు అట్ట, డిటెక్టివ్ అయితే ఆకుపచ్చ, జీవిత చరిత్ర అయితే ముదురు నీలం. వాటిని 1935లో అలెన్ లేన్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఇంగ్లండులో ఎక్సెటర్ స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే చదవదగ్గది ఒక్కటీ దొరకలేదట. సిగరెట్ పెట్టె ధరకు మంచి పుస్తకం ఎందుకు అమ్మకూడదు అనుకుని ఆరు పెన్నీలు ధర పెట్టాడట. ముప్పై ఏళ్లకు పైగా రైలు పెట్టెలు చేసినవాణ్ణి కదా, ఈ కథంటే నాకు ముద్దు.

అయితే ఆ రంగులు అమ్మేవాడికి సుఖం, చదివేవాడికి ఉచ్చు. నేను నాలుగేళ్లు ఆకుపచ్చ అట్ట తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. గుట్టలో చెయ్యి పెడితే అది దానంతటదే అటు పోయేది. ఇప్పుడు అట్టలకు ఆ రంగుల్లేవు గానీ, ఫోన్ ఉంది, "ఇది నచ్చిందా, అయితే ఇదీ నచ్చుతుంది" అంటూ వెంటపడుతుంది. అదీ ఆకుపచ్చే. ఆ జబ్బు నా నుంచే నీకు వచ్చింది, బీపీ లాగా.

నన్ను అందులోంచి బయటపడేసింది ఒక పురికొస. మూడు పుస్తకాలు కలిపి కట్టేసి, విడిగా ఇవ్వనన్నాడు షాపాయన. పైనా కిందా ఆకుపచ్చలే, మధ్యలో మాత్రం ఇంగ్లండులో అచ్చయిన తోటపని పుస్తకం. డబ్బులు పోశాం కదా అని చదివాను. చదివి మేడ మీద టమాటా వేశాను. "ఆఖరి మంచు పడటం అయిపోయాక నారు బయట పెట్టండి" అని ఉంది. మద్రాసులో మంచు! ఊటీ వెళ్లి అడగాలి. సరే, ఏప్రిల్ అయితే మంచు భయం ఉండదులే అనుకుని, "ఎండ బాగా తగిలే చోట" అన్నారని నడి మేడ మీద పెట్టాను. మూడో రోజుకు ఆకులు అప్పడాలయ్యాయి. తర్వాత ఒక తెలుగు పుస్తకం కొన్నాను. అది మృగశిర కార్తెకు విత్తనం వేయమంది. జూన్‌లో వానలు దిగే చోటికి అది సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, జూన్‌లో మేడ పెనంలా కాలుతూ ఉంటుంది. ఆ విత్తనాలూ పోయాయి. చివరికి పక్కింటి మామి నవ్వి, "ఆడిపట్టం తేడి విదై" అని సామెత చెప్పింది. ఆడి నెల, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య లోపు, చూసుకుని విత్తమని. ఆ ఏడాదే మన ఇంట్లో మొదటి బెండకాయ పులుసు.

రెండు పుస్తకాలూ అబద్ధం చెప్పలేదు. రాసినవాళ్లు వాళ్ల నేల మీద నిలబడి రాశారు, నేను నా మేడ మీద నిలబడి చదివాను. అప్పటి నుంచి ఏ పుస్తకం తీసినా ముందు ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తాను. అట్ట తిప్పగానే చిన్న అక్షరాలతో ఉండే పేజీ ఉంటుంది, నువ్వు ఎప్పుడూ దాటేస్తావు, అది చదువు. ఏ ఏడు, ఎన్నో ముద్రణ, ఏ భాష నుంచి అనువాదం. అనువాదకుడి పేరు ఎక్కడా లేకపోతే నాకు అనుమానం. నీ పీజీ బాల్కనీలో ఏమైనా పెంచాలని పుస్తకం కొంటే, బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉందని మర్చిపోకు. నా లెక్కలు కూడా అక్కడ పనికిరావు. లాల్‌బాగ్‌లో జనవరిలోనూ ఆగస్టులోనూ పూల ప్రదర్శన పెడతారు కదా, అప్పుడు వెళ్లి అక్కడ ఏవి బాగున్నాయో చూసి, తర్వాత పుస్తకం కొను.

తోటపని పుస్తకాలు మాత్రం పాతవే కొను. మార్కెట్ కాలిపోయాక లిల్లీ పాండ్ దగ్గరి షాపుల్లో ఒకటి దొరికింది నాకు. అంచుల నిండా ఎవరో పెన్సిలుతో తమిళంలో రాసుకున్నారు. "బెండ, 12 గింజలు. 9 మొలిచాయి." దాని కింద, "ఉడత 4." ఇంకో పేజీలో వంకాయ బొమ్మ పక్కన, "రసం పీల్చే పురుగు. సబ్బు నీళ్లు. తగ్గలేదు." అంతే, ఆ తర్వాత అన్నీ తెల్ల అంచులే. అచ్చులో ఉన్నదానికంటే నేను ఆ పెన్సిలు దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. ఆ పుస్తకం నీకు ఇవ్వను, అడగకు.

ఇక నవలలు. వెనక అట్ట మీద పొగడ్తలు చదవకు, పెళ్లి సంబంధాల ఫొటో లాంటివి అవి. మధ్యలో ఎక్కడో ఇద్దరు ముగ్గురు మాట్లాడుకునే పేజీ వెతుకు. అత్తగారు, కోడలు, పాలవాడు ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడుతుంటే, ఆ రచయితకు చెవులు లేవని అర్థం. అక్కడే పెట్టేయ్. మొదటి ఇరవై పేజీలు నెమ్మదిగా నడిస్తే మాత్రం భయపడకు, మంచివి చాలావరకు అలాగే మొదలవుతాయి. నీ డిటెక్టివ్‌లో మూడో పేజీకే శవం వచ్చేస్తుంది కాబట్టి నీకు ఓపిక పోయింది.

ఫుట్‌పాత్ మీద సగం ధరకు వచ్చే దొంగ ముద్రణలు వద్దు. నేనొకటి కొన్నాను, బాగా పేరున్న నవల. 176 తర్వాత 193. సరిగ్గా ఒక ఫారం, పదహారు పేజీలు గల్లంతు. అయినా కథ ఎక్కడా తెగినట్టు అనిపించలేదు, ఆ నవల మీద నా విమర్శ అదే. ఒకవేళ తప్పు నాదేమో, గొప్పదంతా ఆ పదహారు పేజీల్లోనే ఉందేమో! పాతవైతే వీపు దగ్గర చూడు. కుట్టిన పుస్తకమైతే ఎంత పాతదైనా నిలుస్తుంది. గమ్ముతో అంటించినదైతే, ఎండిపోయిన గమ్ము నువ్వు తెరవగానే టపటపా చిట్లి పేజీలు ఊడొస్తాయి.

చెట్ల మీద, పక్షుల మీద నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల పుస్తకాలు చవక, అవి ఒకటి రెండు తీసుకో. వంట పుస్తకం వద్దు, అమ్మకు కోపం వస్తుంది.

సంక్రాంతికి రా. పుస్తక ప్రదర్శన ఆ రోజుల్లోనే ఉంటుంది, ఇద్దరం వెళదాం. నీకు వెయ్యి రూపాయలు ఇస్తాను, ఒకటే షరతు: డిటెక్టివ్ ఒక్కటి మాత్రమే.

గోంగూర పచ్చడి పార్సిల్లో సీసా కదలకుండా ఆ పేజీలు పోయిన నవల అడ్డం పెట్టాను. నూనె తగలకుండా కవరు చుట్టాను. చదివాక, 177 నుంచి 192 దాకా ఏం జరిగి ఉంటుందో రాసి పంపు.

ఇట్లు,
నాన్న