ఆ బండి నీట మునిగిందని ఎక్కడా రాసి లేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. దసరా, ఆ వెనకే పైడితల్లమ్మ సిరిమాను దగ్గర పడుతున్నాయి. రెండు వారాలుగా మీ జిల్లా పేజీల్లో సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనలు ఎక్కువయ్యాయి. వాటిలో చాలావరకు ఏడు సీట్ల బళ్ళే. వాటిని కొనేది నాలాంటి ఇళ్ళవాళ్ళే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదైనా దయచేసి వేయండి.

నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేసి నిరుడు రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం విజయనగరం–సాలూరు, విజయనగరం–పార్వతీపురం బస్సుల్లోనే గడిచింది. మా ఊరు గజపతినగరం దగ్గర. ఇంట్లో ఏడుగురం. మా అమ్మ, నేను, మా ఇంటామె, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. అమ్మకు 83 ఏళ్ళు. మూడేళ్ళ కిందట తుంటి ఎముక విరిగింది. అప్పట్నించి బస్సు మెట్టు ఎక్కలేదు, ఆటో కుదుపుకు ఓర్చుకోలేదు. ఎంతమంది ముసలమ్మలకు చెయ్యి అందించి బస్సెక్కించానో లెక్కలేదు. మా అమ్మను మాత్రం ఎక్కించలేకపోయాను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి అందరం కలిసి వెళ్ళే బండి కొనాలని అప్పుడే అనుకున్నాను.

ఇన్నోవా అడిగితే పదేళ్ళ బండికి కూడా మాకు అందని రేటు చెప్పారు. చివరికి ఈ ఏడాది ఉగాది వెళ్ళాక, విజయనగరంలో ఒక పాత కార్ల దుకాణంలో 2017 మోడల్ ఎర్టిగా డీజిల్ బండి చూశాం. మారుతి వాళ్ళు 2020లో డీజిల్ బళ్ళు మానేశారు కాబట్టి ఇలాంటిది ఇక కొత్తది దొరకదని, అందుకే గిరాకీ అని అమ్మినాయన చెప్పారు. ఆ మాట నిజమే. మీటరు 64 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. ఏడు సీట్లకూ కొత్త కవర్లు, కింద కొత్త మ్యాట్లు, అద్దం దగ్గర నిమ్మకాయ వాసన వచ్చే సెంటు డబ్బా. 6 లక్షల 75 వేలు అన్నారు, 6 లక్షల 30 వేలకు బేరం కుదిరింది.

మేం గుడ్డిగా కొనలేదు. మా అబ్బాయి బళ్ళ వివరాలు చూపించే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూశాడు. ఆర్‌సీ సరిగ్గా ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, ఫైనాన్స్ బాకీ లేదు, చలానాలు లేవు. నంబరు ఏపీ 16. అంటే రాష్ట్రమంతటికీ ఏపీ 39 రాకముందు విజయవాడ వైపు ఇచ్చిన సిరీస్. మన విజయనగరానికి 35, శ్రీకాకుళానికి 30 ఉండేవే, అలాగన్నమాట. విజయవాడ బండి అనగానే నాకు ఒక అనుమానం రావలసింది. రాలేదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించి, నెల తిరక్కుండా పేరు మార్పించుకున్నాం. 100 రూపాయల స్టాంపు కాగితం మీద ‘బండిని ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని, తృప్తి చెంది తీసుకున్నాను’ అని నా చేత సంతకం పెట్టించుకున్నారు. అందరూ పెట్టేదే కదా అని పెట్టాను.

మూడు నెలలు బాగా నడిచింది. అమ్మను అరసవల్లి తీసుకెళ్ళాం, శ్రీకూర్మం చూపించాం, రామతీర్థం వెళ్ళాం. మధ్య వరుసలో కిటికీ పక్కన కూర్చుని, వచ్చిన ప్రతి ఊరి పేరూ మనవలకు చెప్పేది. ఆ మూడు నెలల సంతోషాన్ని అబద్ధం అనను.

జూలైలో వానలు పడ్డాక లోపల ఒక వాసన మొదలైంది. తడిసిన గోనెసంచి వాసన. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువయ్యేది. తర్వాత వెనక కిటికీ అద్దం ఎవరూ నొక్కకుండానే కిందికి దిగేది. ఒక రాత్రి బొబ్బిలిలో పెళ్ళి చూసుకుని వస్తూ రామభద్రపురం దాటామో లేదో, హెడ్‌లైట్లు, మీటరు, ఇంజిను అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. జోరున వాన. పక్క నుంచి సాలూరు ఘాట్ దిగి వచ్చే లారీలు. బండిలో ఏడుగురం. వెనక వచ్చే లారీకి మేం కనిపిస్తామో లేదో అని నేనూ మా అబ్బాయీ సెల్‌ఫోన్ లైట్లు ఊపుతూ రోడ్డు మీద గంటసేపు నిలబడ్డాం. అన్నేళ్ళ సర్వీసులో అంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

బండిని లాగించి విజయనగరం తెచ్చాం. అక్కడ వైరింగ్ పని చేసే ఒక పెద్దాయన నాకు పాత పరిచయం. ఆయన బానెట్ ఎత్తలేదు. నేరుగా మధ్య సీటు దగ్గరికి వెళ్ళి, మా అమ్మ పెట్టుకునే బెల్టు పట్టుకుని లాగారు. మనం లాగేంత కాదు, ఇక రానంటే రానన్నంత దాకా లాగారు. రోజూ బయట కనిపించే బెల్టు నల్లగా, శుభ్రంగా ఉంది. చుట్టలోంచి ఆఖరున వచ్చిన జానెడు మాత్రం మట్టి రంగులో, గంజి పెట్టిన గుడ్డలా బిరుసుగా ఉంది. దాన్ని వేళ్ళ మధ్య పెట్టి నలపమన్నారు. నలిపితే నా అరచేతిలో సన్నటి ఒండ్రు రాలింది.

‘కండక్టరు గారూ, ఈ బండి సీట్ల దాకా నీళ్ళలో ఉంది. సీట్లు కడుగుతారు, కవర్లు మారుస్తారు. ఈ బెల్టు కొస ఎవరూ కడగరు’ అన్నారు.

తర్వాత కింద రగ్గు ఎత్తారు. సీటు బోల్టులు తుప్పు పట్టి గుల్లబారాయి. వైర్ల కట్ట విప్పితే కలిపిన చోటల్లా రాగి మీద పచ్చగా చిలుము. నీళ్ళు ఆరిపోయాక కూడా ఆ చిలుము నెలల తరబడి రాగిని తింటూనే ఉంటుందట. అందుకే కొన్నప్పుడు నడిచిన బండి వానాకాలంలో ఆగింది. గేరు రాడ్డు దగ్గర, కింద, ఎయిర్‌బ్యాగులు విచ్చుకోవాలో వద్దో నిర్ణయించే పెట్టె ఉంటుంది. అందులోకీ నీళ్ళు చేరాయి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. మా బండిలో అది అసలు వెలగడమే లేదు. దీపం వెలిగి ఆరకపోతే లోపం ఉందని అనుకుంటాం గాని, అసలు వెలగకపోతే ఎవరికి తడుతుంది? మీటరు బోర్డు మార్చేసి, ఆ దీపం రాకుండా చేశారు. ముందు సీట్లో మా కోడలు ఒళ్ళో చిన్నవాణ్ణి పెట్టుకుని కూర్చున్న రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆర్‌సీ నా పేరు మీద ఉంది కాబట్టి కంపెనీ సర్వీసు సెంటర్‌కు వెళ్ళి పాత రికార్డు అడిగాను. 2024 జూలైలో ఆఖరి సర్వీసు, విజయవాడలోనే. అప్పటికి బండి తిరిగింది 1 లక్షా 18 వేల కిలోమీటర్లు. తొమ్మిది నెలల తర్వాత నాకు అమ్మేటప్పుడు 64 వేలు. ఆ జూలై తర్వాత ఒక్క ఎంట్రీ లేదు. ఆ ఏడాది సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది. సింగ్‌నగర్ వీధుల్లో కార్ల పైకప్పులు మాత్రమే కనిపించిన ఫొటోలు మీ పత్రికలోనూ వచ్చాయి. ఆ బండి మొదటి యజమాని మీద నాకు కోపం లేదు. పాపం, ఆ ఇంట్లో బండి ఒక్కటే మునిగి ఉండదు. హుద్‌హుద్ తుపాను చూసిన జిల్లావాళ్ళం, ఆ బాధ మనకు తెలుసు. మునిగిన బండిని బాగు చేసి అమ్మడం కూడా తప్పనను. మునిగిందని చెప్పి, దానికి తగ్గ రేటుకు అమ్మితే కొనుక్కునేవాళ్ళు ఉంటారు. చెప్పకుండా, కవర్లు కప్పి, మీటరు తిప్పి, 83 ఏళ్ళ ముసలమ్మను, పసిపిల్లలను ఎక్కించుకునేవాడికి అంటగట్టడమే నేను క్షమించలేని విషయం.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి ఒకటి చెప్పాలి. మా డిపోలో ఏ బస్సైనా ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసి ఉంటుంది. ఏ రోజు టైరు మారింది, ఏ రోజు బ్రేకు చూశారు, ఎక్కడ దెబ్బ తగిలింది, అన్నిటికీ కాగితం ఉంటుంది. బస్సు పాతదైపోయి తుక్కుకు వెళ్ళే రోజున కూడా దాని చరిత్ర దాని వెంటే ఉంటుంది. నేను టిక్కెట్టు డబ్బుల్లో 10 రూపాయలు తేడా వస్తే సంజాయిషీ రాసి ఇచ్చినవాణ్ణి. ఒక కుటుంబం ఆరు లక్షలు పెట్టి కొనే బండికి మాత్రం 54 వేల కిలోమీటర్లు మాయమైతే అడిగే పుస్తకమే లేదు.

నిజానికి రాత ఎక్కడో ఉంటుంది. మరమ్మతు ఖర్చు బండికి కట్టిన బీమా విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్ళు దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి డబ్బు ఇస్తారు. ఆ తర్వాత ఆ బండి వేలంలో ఎవరి చేతికో వెళ్తుంది. రిపేరు చేసి మళ్ళీ రోడ్డెక్కిస్తారు. క్లెయిము కాగితం బీమా కంపెనీలో ఉంటుంది, కొనేవాడి ఫోన్‌లో ఉండదు. మా బండికి అలాంటి క్లెయిము ఉందా అని అమ్మినాయన్ని అడిగితే ‘అవన్నీ మాకెందుకండీ, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టారు కదా’ అన్నారు. చలానా ఒకటి బాకీ ఉంటే యాప్‌లో కనిపిస్తోంది కదా. టోటల్ లాస్ అయిందన్న ఒక్క మాట, ఆ తేదీ కూడా అక్కడే కనిపించేలా చేయమని రవాణా శాఖ వారిని, బీమా కంపెనీల వారిని వేడుకుంటున్నాను.

రెండో విన్నపం మన జిల్లా రవాణా అధికారులకు. పాత బళ్ళ వ్యాపారం చేసే డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధన ఉంది. ఆ పత్రం 5 ఏళ్ళు చెల్లుతుంది. యజమాని బండిని డీలరుకు అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి. డీలరు దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ బండిని ఎవరు, ఎందుకు బయటికి తీశారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని రిజిస్టరు ఉండాలి. ఇదంతా నాకు బండి ఆగిపోయాక, లాయరు గారి దగ్గర తెలిసింది. మన జిల్లాలో ఆ పత్రం ఉన్న దుకాణాల పేర్లు ఆఫీసు బయట బోర్డు మీద రాసి పెడితే చాలు. పండగ ముందు మీ పత్రికలో ఒకసారి వేస్తే ఇంకా మంచిది. మీరు కూడా ఆ ప్రకటనలు తీసుకునేటప్పుడు అధికార పత్రం నంబరు అడగండి.

ఈ లోగా కొనబోయేవాళ్ళకు చెప్పేది ఇంతే. బండిని రంగు చూసి కాదు, బెల్టు చూసి కొనండి. ఏడు బెల్టులూ కొస దాకా లాగండి. కింద రగ్గు ఎత్తి చెయ్యి పెట్టండి. తాళం తిప్పి దీపాలన్నీ వెలిగి ఆరుతున్నాయో లేదో లెక్కపెట్టండి. అడ్వాన్సు ఇవ్వకముందే యజమాని చేత కంపెనీ సర్వీసు రికార్డు తెప్పించుకోండి. ఇవ్వనంటే లేచి వచ్చేయండి. మోసపోయి ఉంటే రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. బండికి ఇచ్చిన డబ్బు 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, నాలాగా 10 లక్షల లోపు అయితే 200 రూపాయలు. నేను ఫిర్యాదు వేశాను. ముందు సలహా కావాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

బండి ఇప్పుడు మా ఇంటి ముందు చింతచెట్టు కింద ఉంది. వైరింగ్ మొత్తం మార్చాలంటే లక్ష దాటుతుందని పెద్దాయన చెప్పారు. కిందటి వారం ఒకాయన చూడడానికి వచ్చి, కవర్లు బాగున్నాయే అని మెచ్చుకున్నారు. నేను డ్యాష్‌బోర్డు అరలోంచి ఒక కాగితం తీసి చేతికిచ్చాను. దాని మీద, కండక్టర్లం టిక్కెట్ల లెక్క రాసే వేబిల్లులా గళ్ళు గీసి, నా చేత్తోనే రాసి పెట్టాను: ‘2024 జూలై – 1 లక్షా 18 వేల కి.మీ., సర్వీసు రికార్డు ప్రకారం. ఆ తర్వాత సీట్ల దాకా నీట మునిగింది. మీటరు బోర్డు మార్చారు. ఎయిర్‌బ్యాగులు పనిచేయవు.’ ఆయన రెండుసార్లు చదువుకుని, మడిచి నాకే ఇచ్చి వెళ్ళిపోయారు. తర్వాత ఎవరు వచ్చినా ముందు ఆ కాగితమే చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా.