కొత్త లివర్ యాక్షన్ రైఫిల్‌లో లోపాలు, మాన్యువల్‌లో లేని శుభ్రపరిచే విధానం, వారంటీ నిరాకరణ: ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: .30-30 రకం తూటా వాడే లివర్ యాక్షన్ రైఫిల్‌కు వారంటీ నిరాకరిస్తూ మీ విభాగం రాసిన ఉత్తరంపై అభ్యంతరం, మాన్యువల్ సవరించాలన్న విజ్ఞప్తి

అయ్యా,

జింకల వేట సీజన్ మొదలయ్యే ముందు హ్యూస్టన్‌లో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర మీ సంస్థ తయారుచేసిన లివర్ యాక్షన్ రైఫిల్ కొన్నాను. ట్రిగ్గర్ కింది లివర్‌ను ఆడిస్తే కాల్చిన తూటా ఖాళీ కేసు పక్కనుంచి బయటికి వచ్చి, కొత్త తూటా ఎక్కే మోడల్ అది. బిల్లు, సీరియల్ నంబరు, ఫోటోలు, మీ విభాగం నాకు రాసిన ఉత్తరం నకలు దీనితో జతచేస్తున్నాను. రైఫిల్‌ను నేను విప్పానని, మీ బ్రాండ్‌వి కాని సామాన్లతో శుభ్రం చేశానని చెప్పి ఆ ఉత్తరంలో వారంటీ వర్తించదన్నారు. ఈ రెండు కారణాలనూ నేను ఒప్పుకోను. ఎందుకో వివరంగా రాస్తున్నాను, దయచేసి పూర్తిగా చదవండి.

షాపులో లివర్ కిందికి లాగినప్పుడే లోపల ఏదో గరగరమన్నట్టు అనిపించింది. ప్యాకింగ్ నూనె అయి ఉంటుందని, కాల్చేముందు శుభ్రం చేసుకోమని డీలర్ చెప్పారు. మీ మాన్యువల్ కూడా మొదటి పేజీల్లోనే అదే మాట చెబుతుంది. ఇంటికి తెచ్చి చాంబర్‌లో, అంటే కాల్చే తూటా కూర్చునే చోట, తెల్లటి గుడ్డ పెట్టి తీస్తే చిక్కటి గోధుమరంగు నూనెతో పాటు మెరిసే లోహపు తురుము వచ్చింది. తూటాలు ఎక్కించే తలుపు వెనక, తూటాను పైకి లేపే క్యారియర్ చుట్టూ కూడా అదే. ఫ్యాక్టరీలో కోత పని అయ్యాక ఊదేసి, కడిగి పంపాల్సిన తురుము అది. చాంబర్‌లో అలాంటి రేణువు ఒక్కటున్నా ఇత్తడి కేసు మీద గీత పడుతుంది, ఖాళీ కేసు బయటికి రావడం కష్టమవుతుంది. దాన్ని చూసుకోకుండా క్లీనింగ్ రాడ్ తోస్తే రేణువు బ్యారెల్ పొడవునా ఈడ్చుకుపోతుంది. అందుకే ఒక్క తూటా కూడా కాల్చకముందే ఫోటోలు తీసి పెట్టుకున్నాను.

ఇక అసలు సమస్య. వీలైనంత వరకు బ్యారెల్‌ను వెనకనుంచి, అంటే చాంబర్ వైపు నుంచి మూతి వైపుకు శుభ్రం చేయమని మీ మాన్యువల్ చెబుతుంది. ఆ మాట సరైనదే. కానీ తర్వాతి పేజీలోనే రైఫిల్‌ను ఏ మాత్రం విప్పవద్దని, ఆథరైజ్డ్ గన్‌స్మిత్‌కు, అంటే తుపాకులు బాగుచేసే పనివాడికి, ఇమ్మని ఉంది. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో బోల్ట్‌ను, అంటే చాంబర్‌ను వెనకనుంచి మూసే ముక్కను, లాగేస్తే వెనకనుంచి దారి తెరుచుకుంటుంది. మీ రైఫిల్‌లో రిసీవర్, అంటే ఈ భాగాలన్నీ అమరే లోహపు పెట్టె, వెనకవైపు బోల్ట్‌తోనే మూసి ఉంటుంది. బోల్ట్ తీయనిదే రాడ్ వెనకనుంచి వెళ్లదు, లివర్ తీయనిదే బోల్ట్ రాదు. మరి మీరు చెప్పిన మొదటి పని చేయాలంటే రెండోది మీరాల్సిందే కదా? కొన్నవాళ్లు ఏం చేయాలని మీ ఉద్దేశం?

ఈ పని పెద్ద విద్యేమీ కాదు. 1948 నుంచి వస్తున్న మార్లిన్ 336 వాడేవాళ్లకి ఇది అలవాటైన పద్ధతి, మీ రైఫిల్ లోపలి అమరిక కూడా దాదాపు అలాంటిదే. లివర్‌ను సగం తెరిచి దాని స్క్రూ ఒక్కటి తీస్తే లివర్ కిందికి వచ్చేస్తుంది, బోల్ట్ వెనక్కి జారుతుంది. బోల్ట్ వచ్చాక, ఖాళీ కేసును బయటికి విసిరే ఎజెక్టర్ అనే చిన్న ముక్క ఊడి పడుతుంది. తెలియనివాళ్లు దాన్ని పోగొట్టుకుంటారు, లేదా తిరిగి పెట్టేటప్పుడు దాని బొడిపె రిసీవర్‌లోని రంధ్రంలో కూర్చోకముందే బోల్ట్ బలవంతంగా తోస్తారు. నాలుగు బొమ్మలు వేస్తే సరిపోయే విషయం. 1894 వించెస్టర్ లాంటి వాటిలో బోల్ట్ తీయాలంటే చాలా విప్పాలి కాబట్టి వాటిని మూతి వైపునుంచే శుభ్రం చేస్తారు, అది వేరే సంగతి. మా అమ్మ కుట్టు మిషన్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఎక్కడెక్కడ నూనె చుక్క వేయాలో బాణం గుర్తులతో చూపించారు. రైఫిల్ అమ్మే కంపెనీ దగ్గర అంతకంటే తక్కువ ఆశించలేను.

మూతి వైపునుంచే శుభ్రం చేయమంటారా? అలాగైనా దానికి తగ్గ జాగ్రత్త చెప్పాలి. తూటా బ్యారెల్‌ను విడిచే చివరి అంచు, క్రౌన్, ఒక పక్క అరిగితే గురి చెదురుతుంది. రాడ్ ఆ అంచుకు రాసుకోకుండా మధ్యలో నిలిపే చిన్న ఇత్తడి గైడ్ దొరుకుతుంది. దాని ఊసు మీ మాన్యువల్‌లో లేదు, పెట్టెలోనూ లేదు. చాంబర్ వైపునుంచి లాగే కేబుల్ వాడవచ్చన్న మాట కూడా లేదు. మూతినుంచి తోసిన మురికి, దాన్ని కరిగించే సాల్వెంట్ తిన్నగా యాక్షన్‌లోకి, అంటే తూటా ఎక్కించే లోపలి యంత్రాంగంలోకి, దిగుతాయి కాబట్టి రైఫిల్‌ను తలకిందులుగా పెట్టుకుని చేయాలని కూడా ఎక్కడా రాయలేదు.

తూటాల గురించిన పేజీ మాత్రం మీరు చాలా బాగా రాశారు. తూటాలు వరుసగా నిలిచే ట్యూబ్ మ్యాగజైన్‌లో ఒక తూటా మొన ముందు ఇంకో తూటా ప్రైమర్ (దెబ్బ తగిలితే తూటాను పేల్చే భాగం) ఉంటుంది కాబట్టి గట్టి సూదిమొన తూటాలు వాడొద్దని బొమ్మతో సహా చూపించారు. అదే శ్రద్ధ ఖాళీ చేసే విధానంపై ఎందుకు పెట్టలేదు? శుభ్రం చేసేముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూడమని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఈ రైఫిల్‌లో మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టడం కుదరదు. ఉన్న తూటాలన్నీ లివర్ ఆడిస్తూ చాంబర్ మీదుగానే బయటికి తీయాలి. ఆ సేపంతా మూతి ప్రమాదం లేని వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. చివరి తూటా వచ్చాక కూడా లోపల తూటాలను తోసే మ్యాగజైన్ ఫాలోవర్ కంటికి కనబడేదాకా ఖాళీ అయిందని అనుకోకూడదు. మురికి పట్టిన ట్యూబ్‌లో తూటా ఇరుక్కుని తర్వాత జారి రావచ్చు. మా ఇంట్లో పిల్లలున్నారు. క్లీనింగ్ మొదలుపెట్టేముందు తూటాలు వేరే గదిలో పెట్టి తలుపు వేయడం మేం మానము. ఇలాంటి మాటలు మీ మాన్యువల్‌లో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

నేను లివర్ స్క్రూ తల పాడుచేశానని మీ ఉత్తరం అంటోంది. కొన్నరోజు షాపు కౌంటర్ మీదే తీసిన ఫోటో చూడండి. ఆ గాడి అంచు అప్పటికే చిరిగి ఉంది. స్క్రూ మరలకు అంటించిన గట్టి జిగురు మీ ఫ్యాక్టరీలో వేసినదే. గాడికి సరిగ్గా సరిపోయేలా, పక్కలు సమానంగా అరగదీసిన గన్‌స్మిత్ బిట్‌తో విప్పాను. మామూలు స్క్రూడ్రైవర్ కొన సన్నబడుతూ పోతుంది కాబట్టి గాడిలో జారుతుందని తెలిసే ఆ బిట్ కొన్నాను.

అసలు నష్టం ముందువైపు బ్యారెల్ బ్యాండ్ (బ్యారెల్‌ను పట్టి ఉంచే పట్టీ) కింద ఉంది. ఆ బ్యాండ్ జరిపి చూస్తే బ్లూయింగ్ అనే నల్లటి పూత మీద తుప్పు చుక్కలు, వాటిలో కొన్నిచోట్ల గుంటలు పడి ఉన్నాయి. అప్పటికి రైఫిల్ మా ఇంటికి వచ్చి ఒక్క పూటే అయింది. గల్ఫ్ తీరంలో గాలి తేమగా ఉంటుంది, నిజమే. కానీ గుంటలు పడేంత తుప్పు ఒక్క పూటలో పట్టదు. అది గోడౌన్‌లోనో, అంతకు ముందో పట్టింది.

నూనె విషయంలో కూడా మీ సలహా నష్టం చేసేదే. అన్ని భాగాలకూ నూనె ధారాళంగా పట్టించమన్నారు. యాక్షన్‌లో ఎక్కువైన నూనె రిసీవర్ వెనకనుంచి వాల్‌నట్ స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మెడలోకి ఇంకుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. రైఫిల్‌ను మూతి పైకి పెట్టి నిలబెడితే ఇంకా త్వరగా. పాత లివర్ యాక్షన్లు కొనేవాళ్లు ముందు చూసేది ఆ మెడనే. బోల్ట్ రాసుకునే చోట్ల, లివర్ తిరిగేచోట, బోల్ట్‌ను బిగించి పట్టే లాకింగ్ బోల్ట్ మీద పలచగా రాసి, మిగిలింది తుడిచేయమని రాస్తే సరిపోతుంది. బ్యారెల్‌లో తూటాలు వదిలే రాగి మడ్డి తీసే అమ్మోనియా సాల్వెంట్ చెక్క పాలిష్‌కు తగలనివ్వొద్దని ఒక హెచ్చరిక కూడా అవసరం.

వారంటీ సంగతికి వస్తాను. 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండ్ వస్తువు వాడితేనే వారంటీ నిలుస్తుందని షరతు పెట్టకూడదు. ఆ వస్తువు ఉచితంగా ఇస్తే, లేదా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నుంచి మినహాయింపు ఉంటే తప్ప. మీ క్లీనింగ్ కిట్ మీరు ఉచితంగా ఇవ్వలేదు. మినహాయింపు ఉంటే దాని నకలు పంపండి. రిపేరుకు డీలర్ ద్వారానే, నా ఖర్చుతోనే పంపాలని మీ ప్రతినిధి ఫోన్‌లో చెప్పారు. యజమాని రిపేరు కోసం రైఫిల్‌ను నేరుగా తయారీదారుకు పంపడానికి, తయారీదారు తిరిగి నేరుగా యజమానికి పంపడానికి ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది. ఇది మీ సిబ్బందికి తెలియకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇంకో మాట. ఈ దేశంలో ఇంట్లో వాడే టోస్టర్‌లో లోపముంటే వెనక్కి రప్పించే అధికారం వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌కు ఉంది. తుపాకులు, తూటాలు దాని పరిధిలోకి రావు. అంటే ఫ్యాక్టరీలో మీరు చేసే తనిఖీ, మీరు రాసే మాన్యువల్, ఈ రెండే కొన్నవాడికి రక్ష. వీటిని నేను చిన్న విషయాలుగా చూడలేను.

కాబట్టి నేను కోరేది ఇది. రైఫిల్ పంపడానికి మీ ఖర్చుతో షిప్పింగ్ లేబుల్ ఇచ్చి, బ్యారెల్, లివర్ స్క్రూ ఉచితంగా మార్చి, యాక్షన్ కడిగి పంపండి. వారంటీ నిరాకరిస్తూ రాసిన ఉత్తరాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. ఖాళీ చేయడం, బోల్ట్ తీయడం, తిరిగి పెట్టడం బొమ్మలతో చూపించే పేజీలు మాన్యువల్‌లో చేర్చి, ఈ మోడల్ ఇప్పటికే కొన్నవాళ్లకు కూడా అందేలా చూడండి. ఈ చివరి కోరిక నాకు బ్యారెల్ కంటే ముఖ్యం.

టెక్సస్ మోసపూరిత వాణిజ్య పద్ధతుల చట్టం కింద దావా వేసేముందు 60 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఈ ఉత్తరాన్ని ఆ నోటీసుగా పరిగణించండి. మీ జవాబు రాకపోతే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలోని వినియోగదారుల రక్షణ విభాగానికి, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఇవే కాగితాలు పంపుతాను. బ్యారెల్, స్క్రూ ఇప్పుడున్న స్థితిలోనే ఉంచాను. మీ గన్‌స్మిత్ స్వయంగా చూసేదాకా వాటిని ముట్టుకోను.

ఇట్లు,
మీ రైఫిల్ కొనుగోలుదారుడు
హ్యూస్టన్, టెక్సస్

జతచేసినవి: బిల్లు నకలు, కొన్నరోజు తీసిన స్క్రూ ఫోటో, చాంబర్ గుడ్డ, బ్యారెల్ బ్యాండ్ ఫోటోలు, మీ విభాగం ఉత్తరం నకలు.