ఇకనుంచి మీటర్ పెట్టాకే బ్యాటరీ

అందరికీ నమస్తే. ముందు నా తప్పు చెప్పేసి మిగతా విషయాలకి వస్తాను. పోయిన నెల ముసురులో ఒక టీచర్ గారి స్కూటర్ వచ్చింది, సెల్ఫ్ నొక్కితే టక్ టక్ అని రిలే (ఎక్కువ కరెంటుని కలిపే స్విచ్) చప్పుడే గానీ ఇంజన్ తిరగడం లేదు, హారన్ గొంతు పట్టేసినట్టుంది, షాపు ముందు ఇంకో నాలుగు బళ్లు ఆగి ఉన్నాయి కదా అని వోల్టులు చూసే మీటర్ కూడా తీయకుండా "బ్యాటరీ పోయింది మేడమ్" అనేసి కొత్తది వేసి పంపాను. పన్నెండో రోజు మళ్లీ అదే టక్ టక్.

అప్పుడు బుద్ధిగా మీటర్ పెడితే, ఇంజన్ రేజ్ చేసినా బ్యాటరీ దగ్గర 12 వోల్టులు దాటడం లేదు. అంటే చార్జింగే ఎక్కడం లేదు. ప్యానెల్ విప్పి, చార్జింగ్ వోల్టులు హద్దు దాటకుండా చూసే రెగ్యులేటర్‌కి వైర్లు కలిపే ప్లగ్గు, అదే కప్లర్, పీకితే పిన్నుల మీద పచ్చగా చిలుం, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి నల్లబడిపోయింది. కప్లర్ మార్చాక 14.2 చూపించింది. పాత బ్యాటరీ బహుశా బాగానే ఉండి ఉంటుంది, కానీ అది అప్పటికే ఎక్స్‌చేంజ్‌లో వెళ్లిపోయింది. నా లాభం, లేబర్ వెనక్కిచ్చాను. ఆవిడ ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

అందుకని ఇక మీటర్ పెట్టకుండా బ్యాటరీ అమ్మను. చెకింగ్‌కి 80 రూపాయలు, పని నా దగ్గరే చేయించుకుంటే బిల్లులో తీసేస్తాను. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.5కి అటూ ఇటూ, రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి, రీడింగ్ మీకే చూపిస్తాను. 15 దాటిపోతోందంటే రెగ్యులేటర్ మీదే అనుమానం. నెలకో బల్బు మాడిపోతోందని బల్బుల మీద బల్బులు కొనేవాళ్లు ముందు ఇది చూపించుకోండి.

పాత బళ్లవాళ్లకి ఒక మాట. 2017 ఏప్రిల్‌కి ముందువి, హెడ్‌లైట్‌కి స్విచ్ ఉన్నవి, చాలావాటికి లైటు కరెంటు బ్యాటరీ నుంచి కాదు, ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే కాయిల్ నుంచే నేరుగా వస్తుంది. కాబట్టి సిగ్నల్ దగ్గర డిమ్మయ్యి యాక్సిలరేటర్ ఇస్తే వెలుగు పెరుగుతుంటే అది రిపేరు కాదు. దానికోసం బ్యాటరీ మార్చమనకండి, నాకు డబ్బులొస్తాయి గానీ మీ లైటు మారదు.

ఫ్యూజ్ గురించి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. మొన్న ఒక బండిలో ఫ్యూజ్ ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలో రేకు మడిచి పెట్టి ఉంది, ఇదేంటి తమ్ముడూ అంటే "బాగానే నడిచింది కదన్నా" అంటాడు. హారన్ వైరు తొక్క ఊడి, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా బాడీకి తగులుతోంది, లోపల వైర్లన్నీ మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పది రూపాయల ఫ్యూజ్‌కి బదులు ఇప్పుడు వైరింగ్ మొత్తం మార్చాలి.

ఎక్స్‌ట్రా ఎల్ఈడీ లైట్లు రిలే లేకుండా వైరు కోసి కలపమంటే ఇక చేయను, కోపం తెచ్చుకోవద్దు. వైరింగ్ పనికి బండి ఒక పూట వదలాలి. సాయంత్రం ఆరు తర్వాత మాత్రం తేకండి, టార్చి వెలుగులో చిలుం సరిగ్గా కనపడదు.