పెడన షెడ్డు ప్లాను చూశాక

బ్యాంకాక్

బాబాయ్‌కి,

పెడనలో మన కలంకారీ అద్దకం షెడ్డుకి నువ్వు పంపిన ప్లాను చూశాను. ముందు సిమెంటు ఆర్చి, దాని మీద కలంకారీ నెమళ్లు, లోపల అద్దాల షోరూము, ఏసీ. అద్దకం బల్లలు మాత్రం వెనక రేకుల కిందకి పోయాయి. ఇది ఫోన్లో మాట్లాడితే "నిన్ను ఆర్కిటెక్టు చదివించింది మేమేనే" అని నవ్వేసి పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పిన్నికి కూడా చదివి వినిపించు. ఆర్చి విషయంలో ఆవిడ నా వైపేనని నా అనుమానం.

"అక్కడ పాత పనుల్ని పెద్ద పెద్ద హోటళ్లకెక్కించారంట, మనమెందుకు ఎక్కించకూడదు" అని అడిగావు కదా. ఎక్కించారు, నిజమే. అయితే ఎక్కినవాళ్లెవరు, దిగబడ్డవాళ్లెవరు అని కూడా చూడాలి.

ఇక్కడ ఎవర్నడిగినా ముందు చెప్పేది పట్టు కథ. జిమ్ థాంప్సన్ అని ఒక అమెరికన్ ఉండేవాడు. అమెరికాలో ఆర్కిటెక్టుగా పనిచేసినవాడు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇక్కడే ఉండిపోయాడు. బ్యాంకాక్ నడిబొడ్డున సేన్ సేప్ అనే కాలవ ఉంది. దాని ఒడ్డున బాన్ క్రువా అనే పేట. అక్కడ చామ్ అనే జాతి ముస్లింలు మగ్గాల మీద పట్టు నేసేవాళ్లు. ఆయన వాళ్లకి రంగు దిగని రంగులు తెచ్చిచ్చాడు, ఏ రంగు పక్కన ఏ రంగు వెయ్యాలో కూర్చుని తేల్చాడు, ఆ పట్టుని న్యూయార్క్ పట్టుకెళ్లి చూపించాడు. మగ్గాలు మాత్రం నేతగాళ్ల ఇళ్లలోనే ఉంచాడు. 1967లో మలేషియా కొండల్లో షికారుకెళ్లి మాయమైపోయాడు, ఇప్పటికీ ఆచూకీ లేదు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆరు పాత టేకు ఇళ్లని వేరే వేరే చోట్ల కొని, విప్పించి, కాలవ ఒడ్డున మళ్లీ కట్టించాడు. థాయ్ ఇళ్లు అలా విప్పుకోవడానికి వీలుగానే కడతారు. గోడలన్నీ చట్రాలే, కూసాలూ చీలలూ తప్ప మేకులుండవు. గోడల బయటి ముఖం గదిలోకి వచ్చేలా తిప్పి పెట్టించాడట, నగిషీ లోపలుండి కూడా కనపడాలని. నాకది భలే నచ్చింది.

ఆ ఇంటి గుమ్మం దగ్గర ఎప్పుడూ టిక్కెట్ల వరసే. కాలవ దాటితే బాన్ క్రువా. ఇరుకు సందులు, పిల్లులు, ఒకటి రెండు ఇళ్లలో మగ్గం చప్పుడు. నేత చాలామటుకు ఎప్పుడో ఈశాన్యంలో పాక్ థోంగ్ చాయ్ అనే ఊరికి తరలిపోయింది. అవతల ఒడ్డున పేరు మిగిలింది, ఇవతల ఒడ్డున ముసలివాళ్లు మిగిలారు. నీ ప్లానులో షోరూము ముందుకీ బల్లలు వెనక్కీ పెట్టారు చూడు, నా భయమంతా అదే.

ఇక నా మనసులో నిలిచిపోయిన కట్టడం గురించి చెబుతాను. బ్యాంకాక్ పక్కనే నఖోన్ పథోమ్ జిల్లాలో కంతనా అనే సినిమా కాలేజీ ఉంది. 2011లో పూర్తయింది. కట్టినాయన బూన్‌సెర్మ్ ప్రేమ్‌తాడా. ఎనిమిది మీటర్ల ఎత్తున ఇటుక గోడలు, అలలు అలలుగా వంగుతూ పోతాయి. మొత్తం ఆరు లక్షల ఇటుకలు, అన్నీ చేత్తో చేసినవే. ఇక్కడ చేతి ఇటుక పని మన దగ్గరలాగే అడుగంటిపోయింది. ఫ్యాక్టరీ బ్లాకులొచ్చాక ఎవరిక్కావాలి? ఆయన దాన్ని అలంకారానికి నాలుగు వరసలు అతికించి ఊరుకోలేదు. గోడంతా దాంతోనే లేపాడు. రెండు పొరలు కట్టి మధ్యలో ఖాళీ వదిలాడు, ఎండ లోపలికి దిగదు. దగ్గరికెళ్లి చూస్తే ఏ రెండు ఇటుకలూ ఒక్కలా ఉండవు. కానీ ఆ వంపుల్లో, ఆ ఎత్తులో, ఆ తేడాలే వెలుగునీ నీడనీ పట్టుకుంటాయి. తిన్నని గోడకైతే అదే ఇటుక తప్పుగా కనపడేది. సూరిన్ జిల్లాలో ఏనుగుల్ని సాకే కూయ్ జనం ఊళ్లో కూడా ఆయన ఇలాగే అక్కడి మట్టి ఇటుకలతో మ్యూజియం కట్టాడు. ఏనుగులు నడిచేంత వెడల్పు దారులు పెట్టి మరీ.

బాబాయ్, ఇక్కడ నేను నేర్చుకున్నదల్లా ఇదే. చేతిపనికి కొత్త రూపం ఇవ్వడమంటే దానికి సూటూబూటూ వెయ్యడం కాదు, చెయ్యి చేసే పనికి తగ్గట్టు ఆర్డరు రాయడం. మా ఆఫీసు గొడవ ఒకటి చెబుతాను. ఒక అతిథి గృహానికి కర్టెన్లు కావాలి, ఈశాన్యం నుంచి మద్మీ గుడ్డ తెప్పించాలి. మద్మీ అంటే మన పోచంపల్లి వాళ్ల లాగే నూలుని ముందు కట్టు కట్టి రంగులో ముంచి నేసేది. కొనేవాళ్లేమో మొదటి తానూ చివరి తానూ ఒకే ఛాయలో ఉండాలన్నారు. చెట్టు రంగుతో అదెక్కడ జరుగుతుంది? సాధారణంగా అక్కడితో నేతగత్తెల పని పోతుంది, మిల్లు గుడ్డ వస్తుంది. మేము ఆర్డరు కాగితం మార్చాం. ముదురు ఛాయ ఒకటి, లేత ఛాయ ఒకటి, రెండు గుడ్డ ముక్కలు దానికి కుట్టి, ఈ రెండింటి మధ్య ఏదొచ్చినా తీసుకుంటామని రాసి సంతకాలు పెట్టించాం. కిటికీల వరసలో ముదురు నుంచి లేతకి పోయేలా వేలాడదీశాం. చూసినవాళ్లు అదే డిజైన్ అనుకున్నారు, అదే డిజైన్ కూడాను. నీ కరక్కాయ నానబెట్టిన గుడ్డ మీద ఎరుపు వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా వస్తుందని ఢిల్లీ షాపువాళ్లు తిప్పి పంపిన తానులు గుర్తున్నాయిగా? ఈసారి బేరం అక్కడ మొదలుపెట్టు. ఛాయల పరిధి ముందే రాయించుకో.

ఇంకొకాయన, కోరకోట్ అరోమ్‌డీ. పెచ్చబురి వాడు. తాత గాలిపటాలు కట్టేవాడట. వెదురు చీల్చడం, ముడి వెయ్యడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడవే ముడులతో హోటలు హాళ్లలో గదంత దీపాలు వేలాడతాయి. ముడి మారలేదు, కొలత మారింది. మరో సంగతి వింటే నవ్వుతావు. మన కాలవల్లో పూడికలా పెరిగే గుర్రపు డెక్క ఉందే, ఇక్కడ దాని కాడలు ఎండబెట్టి, జడలల్లి, సోఫాలూ కుర్చీలూ చేసి విదేశాలకి అమ్ముతారు. యోతకా అనే కంపెనీ 1980ల చివర్లోనే ఈ దారి పట్టింది. పెడన నుంచి బందరు దాకా మనకున్న గుర్రపు డెక్కతో ఎన్ని సోఫాలవుతాయో నువ్వే లెక్కెయ్యి.

అన్నీ ఇంత ముచ్చటగా లేవు. ఊళ్లని బాగుచేసేటప్పుడు మాత్రం వీళ్లూ మనలాగే తొందరపడతారు. పాత నగరంలో మహాకాన్ అని ఒక కోట బురుజు ఉంది. దాని గోడ పక్కన పాత చెక్క ఇళ్ల పేట ఉండేది. పక్షి పంజరాలు చేసేవాళ్లు, మట్టిబొమ్మలు చేసేవాళ్లు ఉండేవాళ్లు. అక్కడ పార్కు వెయ్యాలని నగరపాలక సంస్థ పట్టుబట్టింది. జనం పాతికేళ్లు పోరాడారు. ఇళ్లని అలాగే ఉంచండి, పార్కు మేమే ఊడ్చి కాపలా కాస్తాం, వచ్చినవాళ్లకి మా పనీ చూపిస్తాం అన్నారు. ఆర్కిటెక్టులు, ప్రొఫెసర్లు వాళ్లకి అండగా ప్లాన్లు కూడా గీసిచ్చారు. 2018లో ఆఖరి ఇల్లూ కూల్చేశారు. ఇప్పుడక్కడ చదునుగా గడ్డి ఉంది. మధ్యాహ్నం వెళితే ఆ ఎండకి కుక్క కూడా పడుకోదు. పార్కంటే నాకు పగ లేదు కానీ, ఈ పార్కంటే ఉంది.

ఒంగ్ ఆంగ్ కాలవ సంగతి కొంచెం వేరు. నేను పప్పులకీ కరివేపాకుకీ వెళ్లే పహురత్ బజారు పక్కనే. కాలవ మీద పలకలేసి బొమ్మల దుకాణాలు పెట్టేశారు, కింద నీళ్లున్నాయని కొత్తవాళ్లకి తెలిసేదే కాదు. 2015లో దుకాణాలు తీసేశారు, 2020కల్లా రెండు వైపులా నడిచే దారులొచ్చాయి. సాయంత్రం చల్లగా బాగుంటుంది, నేనూ నడుస్తాను. ఆ దుకాణాలవాళ్లు ఎక్కడికి పోయారో గోడల మీది రంగుల బొమ్మలు మాత్రం చెప్పవు.

చరోయెన్ క్రుంగ్ అని 1860లలో వేసిన రోడ్డు. దాని మీది పాత పోస్టాఫీసు మేడలోకి 2017లో ఇక్కడి డిజైన్ కేంద్రం వచ్చింది. 2018 నుంచి ఏటా డిజైన్ వారం చేస్తారు. 2019లో యునెస్కో బ్యాంకాక్‌ని డిజైన్ నగరాల జాబితాలో చేర్చింది. ఆ వారంలో పాత ఇంజన్ల సామాన్లు అమ్మే తలాత్ నోయ్ సందుల్లోకి కుర్రకారు కెమెరాలతో దిగుతారు. గ్రీజు చేతుల ముసలాయన కొట్టు ఒకటి మూతపడితే, ఆ గ్రీజు మరకల గోడ అలాగే ఉంచి లోపల కాఫీ హోటలు తెరుస్తారు. కాఫీ బాగుంటుంది, ధరే బాగుండదు.

"మన అచ్చుల మీద ఎవరో డిజైనర్ల గీతలు మనమెందుకు అద్దాలి" అని నువ్వు చిరాకుపడతావు కదా, దానికీ ఒక సంగతి చెప్పాలి. ఇక్కడి పాత రాజధాని అయుత్తయ రాజుల కాలంలో వీళ్ల ఆస్థానానికి కావలసిన గుడ్డ మన కోస్తా నుంచే వచ్చేది. బందరులో ఓడెక్కి, ఇప్పటి మయన్మార్‌లోని మెర్గుయి రేవులో దిగి, అక్కణ్ణించి కొండదారిన అయుత్తయ చేరేది. గీతలు ఇక్కడివాళ్లవి: చేతులు జోడించిన దేవతలు, మంటల్లాంటి తీగలు. నమూనా ఇక్కణ్ణించి పంపేవాళ్లు, మనవైపు పనివాళ్లు ఆ నమూనా చూసి మన ఎరుపులో చేసిచ్చేవాళ్లు. రాజు వాటిని కొలువులో వాళ్లకి హోదాని బట్టి ఇచ్చేవాడు. ఇక్కడి మ్యూజియంలో అలాంటి గుడ్డ ముందు నిలబడ్డాను. గీత ఎవరిదైనా ఆ ఎరుపు ఎక్కడిదో నాకు తెలిసిపోయింది. అప్పట్లో ఎవరూ మన పని చెడిందనుకోలేదు. కొత్త గీత వస్తే రానీ. బల్లా అచ్చూ ఉడుకు డేగిసా మన చేతిలో ఉంటే చాలు.

ఇక షెడ్డు. ఆర్చి మానెయ్యి. ఆ డబ్బుతో అరుగు ఎత్తించు, కాలవ పొంగినప్పుడు బల్లల కాళ్లు నానకూడదు. బల్లలు రోడ్డు వైపుకి రావాలి, ముందు గోడ ఇటుక జాలీ చేయిద్దాం. గాలొస్తుంది, దారిన పోయేవాళ్లకి పని కనపడుతుంది. షోరూము ఒక మూల పది అడుగుల గది చాలు. కప్పు ఎత్తు పెంచి, ఉత్తరం వెలుగు పైనుంచి దింపుదాం, రంగు నిజంగా ఎలా ఉందో ఆ వెలుగులోనే తెలుస్తుంది. ఉడికించిన నీళ్లు నేరుగా కాలవలోకి వదలడం ఇక కుదరదు బాబాయ్. చులలాంగ్‌కార్న్ యూనివర్సిటీ వాళ్లు 2017లో ఒక పార్కు తెరిచారు. కోచకోర్న్ వొరఆఖోమ్ అనే ఆవిడ గీసింది. నేలనంతా మూడు డిగ్రీలు వాల్చింది. వానంతా మొక్కల మళ్లలోంచి జారి శుభ్రపడుతూ కింది చెరువులో చేరుతుంది. మన రంగు నీళ్లకి మొక్కల మళ్లు ఒక్కటే చాలవు, ముందు తొట్టెల్లో మడ్డి దింపాలి. కానీ ఆ వాలు మన పెరట్లో ఎలాగూ ఉంది, కాలవ వైపుకి.

నాకు కావలసినవి: పెరటి పొడవు వెడల్పులు, పోయిన తుఫానుకి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో, అన్నిటికన్నా పెద్ద అచ్చు ఎంతుందో. రెండడుగుల అచ్చు చెక్కగలవాళ్లు ఇంకా ఉన్నారేమో కనుక్కో, అది గోడ తెరలకి పనికొస్తుంది. టేపు పట్టుకోవడానికి తమ్ముణ్ణి పిలువు, నువ్వు నిచ్చెనెక్కకు.

పిన్నికి నమస్కారాలు. ఆవిడ పంపిన కందిపొడి అయిపోయింది.

నీ
చిన్ని