కీమో బిడ్డకు జ్వరం వస్తే జిల్లాలోనే గంటలో మందు పడాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక తండ్రి లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను ఆదిలాబాద్ జిల్లా వాడిని. తొమ్మిదేళ్ల నా కొడుక్కి నిరుడు హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే శోషరస గ్రంథులకు వచ్చే క్యాన్సర్, బయటపడింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద కీమో, అంటే క్యాన్సర్ కణాలను చంపే మందులతో చికిత్స, జరుగుతోంది. మందులకు మా చేతి నుంచి పైసా పడలేదు, అందుకు ప్రభుత్వానికి రుణపడి ఉన్నాం.

మొదట చెవి కింద, మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. నొక్కినా నొప్పి లేకపోవడంతో మేమూ పట్టించుకోలేదు. చూపించిన చోట సూది పరీక్ష చేసి, టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టారు. మన దగ్గర మెడ గడ్డల్లో టీబీ ఎక్కువ గనుక ఆ అనుమానాన్ని నేను తప్పు పట్టను. కానీ గడ్డ తగ్గకపోయినా, రాత్రిళ్లు చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట పడుతున్నా, పిల్లవాడు చిక్కిపోతున్నా నాలుగు నెలలు అవే మందులు మింగించాం. లింఫోమాను తేల్చడానికి చాలాసార్లు సూది పరీక్ష చాలదని, గ్రంథిని కోసి తీసి బయాప్సీకి పంపాలని హైదరాబాద్ వెళ్లాకే తెలిసింది.

నేను ముఖ్యంగా విన్నవించదలచింది జ్వరం గురించి. కీమో ఎక్కిన వారం పది రోజులకు ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోతుంది. అప్పుడు లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా చీము పట్టకపోవచ్చు, దగ్గు రాకపోవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. థర్మామీటరు 100.4 దాటితే ఇంట్లో పారాసిటమాల్ వేసి చూడొద్దని, గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలని వార్డులో సిస్టరమ్మ మాతో రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నారు.

మూడో సైకిల్ (మూడో విడత కీమో) తర్వాత ఒక అర్ధరాత్రి 101.2 చూపింది. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని దగ్గరలోని ఆసుపత్రికి పరుగెత్తాం. ఫైలు తెరిచి చూపిస్తే, క్యాన్సర్ కేసు మేం ముట్టుకోమన్నారు, ఒక సిరప్ చేతిలో పెట్టి హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. మూడు వందల కిలోమీటర్లు. జీపులో వాడి ఒళ్లు పెనంలా కాలిపోతుంటే వాళ్లమ్మ దారి పొడవునా తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. పన్నెండు రోజులు వార్డులో ఉండి వాడు కోలుకున్నాడు. ఆ రాత్రి కావలసిన యాంటీబయాటిక్ అరుదైన మందేమీ కాదు, ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా రోజూ వాడేదే.

మంచి వైద్యం అందే దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమందికి పైగా బతుకుతున్నారు. కీమోకు లొంగే జబ్బును గెలిచిన బిడ్డ జ్వరానికి పోకూడదు. జిల్లా, ఏరియా ఆసుపత్రుల ఎమర్జెన్సీ గదుల్లో, కీమో బిడ్డ జ్వరంతో వస్తే ఏం చేయాలో ఒక్క పేజీలో రాయించి గోడకు అంటించండి. ఇలాంటి పిల్లలకు దగ్గే రోగుల మధ్య కాకుండా విడిగా ఒక మంచం ఇప్పించండి. ప్రతి కీమో బిడ్డకు, రాత్రి ఏ డాక్టరుకు ఫోన్ చేయాలో రాసి ఉన్న కార్డు ఇప్పించండి. టీబీ మందులకు తగ్గని మెడ గడ్డను వెంటనే బయాప్సీకి పంపేలా ఆదేశించండి.

వచ్చే సోమవారం మా వాడికి ఐదో సైకిల్. ఆ తర్వాతి పది రోజుల్లో ఏ రాత్రైనా జ్వరం వస్తే మా జిల్లాలో ఏ తలుపు తట్టాలో ఆలోపే మాకు తెలియజేయించగలరని వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక తండ్రి, ఆదిలాబాద్ జిల్లా