పాత స్ప్రేయర్ ట్యాంకులు ఇక బిగించను

హనుమకొండలో మా వసారా దాకా పారలు, కత్తెరలు, స్ప్రేయర్లు పట్టుకొచ్చే మిద్దెతోట వాళ్లందరికీ ఈ సంగతి నేనే చెప్పాలి.

నేను బాగుచేసిచ్చిన స్ప్రేయర్‌తో వేపనూనె కొట్టాక ఒక అక్క టమాటా మొక్కలు పాడయ్యాయి. ఆకులు దారాల్లా సన్నబడి మెలికలు తిరిగాయి. మొదట వైరస్ తెగులేమో అని తప్పించుకోబోయాను. కానీ ఆ స్ప్రే తగలని కుండీలు పచ్చగా ఉన్నాయి.

ఆ స్ప్రేయర్ ట్యాంకు పగిలితే పాత ట్యాంకు, పాత గొట్టం బిగించాను. "పత్తి చేన్ల పురుగు మందు కొట్టినవే, కడిగినం" అని పాత సామాను వ్యాపారి చెప్పాడు. నేనూ సర్ఫ్ నీళ్లతో మూడుసార్లు కడిగాను. తీరా గట్టిగా అడిగితే, మక్క చేన్లలో 2,4-డి గడ్డి మందు కొట్టినవని ఒప్పుకున్నాడు. అది రబ్బరులోకి ఇంకి, తర్వాత కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. టమాటా, మిరప, పత్తి దానికి ఏమాత్రం ఆగవు. మక్క పక్కన పత్తి వేసిన రైతు ఎవరినైనా అడగండి. తొమ్మిదేళ్ల బేరం మాది. ఆ ఒక్క మాట ముందే చెబితే ఆయనకేం పోయేది?

ఇంట్లో ఇంకా 14 ట్యాంకులున్నాయి. అమ్మోనియా నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, టమాటా నారు మీద కొట్టి చూసి వాడుకోవచ్చు. నాలుగు రోజులు అదే టెన్షన్. కానీ ఏ గొట్టంలో ఎంత మిగిలిందో ఆకు వంకరపోతే గానీ తెలియదు. అన్నింటినీ రంపంతో కోసేశాను. లెక్క చూసుకుని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

"స్క్రాప్‌తో చేస్తే అంతే" అని ఒకరన్నారట. అది మాత్రం ఒప్పుకోను. లారీ కమాన్ పట్టీతో చేసిన కుర్పీ, తుమ్మకర్ర కామ వేసిన పార ఎవరివైనా వంగాయా, విరిగాయా? అవి అలాగే చేస్తాను. ట్యాంకు, గొట్టం మాత్రం ఇక కొత్తవే. 250 రూపాయలు ఎక్కువవుతుంది.

ఉగాది తర్వాత నా దగ్గర ట్యాంకు గానీ గొట్టం గానీ మార్పించుకున్నవాళ్లు దానితో ఏమీ కొట్టకండి. తీసుకురండి, ఊరికే మారుస్తాను. గాలి పట్టడం లేదని ఎవరో చెబితే కొత్త పంపు కొనకండి. లోపల తోలు వాషర్ ఉంటే అది ఎండిపోయి ఉండొచ్చు, రాత్రంతా నూనెలో నానబెట్టి చూడండి.

సోమవారం తప్ప రోజూ సాయంత్రం 4 నుంచి ఉంటాను. ఆ వ్యాపారి దగ్గర ఇక కమాన్ పట్టీలు కూడా కొనను. కాజీపేట వైపు మీకు తెలిసిన లారీ మెకానిక్ ఉంటే చెప్పండి.